ఒంటితీగ – జంటతీగ

1998వ సంవత్సరము శ్రావణమాసమున మా వాగు పొంగి బస్సులు నిలిచిపోయినవి. పట్టణమున ఆసుపత్రిలోనున్న మా అక్కగారి క్షేమము తెలియుటకు మా యింటి టెలిఫోనొక్కటే ఆధారము. అదియు నాలుగు దినములు గురగురమనుచునే యుండెను. మేనల్లుడు మాటలాడుచున్నాడని తెలియునుగాని యేమనుచున్నాడో తెలియదు. టెలిఫోనువారి అశ్రద్ధయే కారణమని నిశ్చయించి, వాగు తీయగనే పంపుటకు మూడు అర్జీలు వ్రాసి యుంచితిని. ఆ రొదకు పూర్వచరిత్ర కలదని పిమ్మట మన గ్రంథాలయములోనే చదివితిని.

అలెగ్జాండరు గ్రాహం బెల్లు 1876 మార్చి 7న టెలిఫోనుకు పేటెంటు పొందెను. తొలినాళ్ళలో టెలిఫోనునకు ఒక్క ఇనుపతీగయే. వెళ్ళిన విద్యుత్తు తిరిగివచ్చుటకు నేలయే దారి. భూదేవి సర్వంసహయే గాని, ఒకరి మాట మరియొకరికి వినబడకుండ దాచునది కాదు. ప్రక్క టెలిగ్రాఫు తీగల టకటకలును, పొరుగువారి ముచ్చటలును అందులో కలిసెడివి. 1888 తరువాత విద్యుత్తు ట్రాములు వ్యాపించిన నగరములలో ఆ రొద దుస్సహమయ్యెను.

ఔషధము అంతకుముందే దొరకినది. 1881లో జాన్ కార్టీ యను ఇరువదేండ్ల యువకుడు బోస్టను, ప్రావిడెన్సు నగరముల నడుమ రెండు తీగలను జతపరచి చూపెను. బయటి రొద రెండింటిపైనను సమముగా పడి, జమయు ఖర్చును సరిపోయినట్లు, నిలువ సున్నయగును. ఆ యేడే తీగలను మెలివేయు పద్ధతికి బెల్లు పేటెంటు పొందెను. రెండవ తీగకు సొమ్ము కావలెను గదా! కంపెనీలు చాలకాలము తాత్సారము చేసినవి.

ఐదవనాడు వాగు తగ్గగా లైనుమాను వచ్చెను. గోడమీది పెట్టెయొద్ద మా యింటి తీగను విడదీసి, తన పరికరమును బయటి తీగకు తగిలించెను. ధ్వని నిర్మలముగా నుండెను. “తప్పు మావైపు లేదండి, మీ ఇంట్లోనే ఉంది” అనెను. కూడిక తప్పినపుడు మేమును చిఠ్ఠాను సగమునకు విడదీసియే వెదకుదుము; ఆ నాలుగు దినములు నాకది తోచలేదు. చూరు క్రింద తీగకు నేను స్వయముగా వేసిన అతుకు మీది పట్టీ ఊడిపోయి, తడిగోడకు ఒక తీగ ఆనుచుండెను. ఆ తడి నేలను కలిపినది. మా జంటతీగ 1881కి పూర్వపు ఒంటితీగ వంటిదైనది. అతడు తుడిచి, కొత్త అతుకు వేసి, పట్టీ చుట్టెను.

ఆ సాయంకాలము మేనల్లుని మాట స్పష్టముగా వినబడెను. అక్కగారు ముందటి రాత్రియే గతించిరి. మూడు దినములు నన్నే అడిగిరట.

పంపని ఆ అర్జీలు నేటికిని నా పెట్టెలో నున్నవి.