క్రాస్ కేబుల్ కాలం

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లే దారిలో ఉంటుంది నేరేడుచర్ల. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. ఇక్కడి ఊళ్లలో ముహూర్తాలు మొదలయ్యాయంటే ఫొటో స్టూడియోలకు, మిక్సింగ్ చేసేవాళ్లకు నిద్ర ఉండదు. 2000 తర్వాత పెళ్లి వీడియోలు మినీ డీవీ టేపుల్లోకి మారాయి. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దాదాపు 13 జీబీ. ఒక సిస్టంలో ఎక్కించి, ఇంకో సిస్టంలో మిక్సింగ్ చేయాలంటే అంత బరువును మోసేదెలా?

ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, సీడీలో 700 ఎంబీ. ఇంటర్నెట్ ఊసే ఎత్తక్కర్లేదు: 2004 నాటి కేంద్ర విధానం 256 కేబీపీఎస్ వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్‌గా లెక్కించింది. ఆ వేగంతో ఒక్క సీడీ సరుకు దిగడానికే ఆరు గంటలు పడుతుంది.

దారి మాత్రం అంతకు చాలా ముందే పడింది. 1983లో అమెరికాలో మార్క్ ఎప్లీ స్థాపించిన ట్రావెలింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘ల్యాప్‌లింక్’ను తెచ్చి, రెండు కంప్యూటర్లను నేరుగా వైరుతో కలపడాన్ని జనంలోకి తీసుకెళ్లింది. 1993లో ఎంఎస్-డాస్ 6 అదే పనికి ఇంటర్‌లింక్‌ను వెంట తెచ్చింది. విండోస్ 95లో ఆ పని చేసేది డైరెక్ట్ కేబుల్ కనెక్షన్. సీరియల్ పోర్టు గరిష్ఠంగా 115 కేబీపీఎస్, అంటే సెకనుకు 11 కేబీ చొప్పున పంపేది. ఉత్తరాలకు, లెక్కల ఫైళ్లకు అది చాలు. గంట పెళ్లి వీడియో మాత్రం ఆ దారిన వెళ్లాలంటే దాదాపు రెండు వారాలు.

లెక్క మార్చింది ఈథర్‌నెట్ పద్ధతిలో నడిచే లాన్ కార్డు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈథర్‌నెట్, 1995కల్లా 100 ఎంబీపీఎస్‌కు చేరింది. ఇక 13 జీబీకి ఇరవై నిమిషాలు.

అయితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ లేకుండా మామూలు కేబుల్‌తో రెండు సిస్టంలను కలిపితే పని జరిగేది కాదు. కార్డు 1, 2 పిన్నుల మీద పంపుతుంది, 3, 6 మీద అందుకుంటుంది. రెండు కార్డులూ ఒకే పిన్నుల మీద పంపుతుంటే వినేదెవరు? అందుకే ఒక కొసన ఆరెంజ్ జతను, గ్రీన్ జతను తారుమారు చేసేవారు. దాన్నే క్రాస్ కేబుల్ అన్నారు. తొడుగు ఒలిచి, మెలికలు విప్పి, ఎనిమిది తీగలను రంగుల వరసలో వేళ్లతో సాపు చేసి, కొసలు సమంగా కత్తిరించి, ఆర్‌జే45 కనెక్టర్‌లో దూర్చి, క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కాలి. ఆరెంజ్, గ్రీన్ జతల్లో ఒక్క తీగ పూర్తిగా లోపలికి పోకున్నా కనెక్షన్ కుదరదు. ఇది నిఖార్సైన చేతిపని. కంప్యూటర్ చరిత్రలో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

కేబుల్ పెట్టాక ఒక సిస్టంకు 192.168.0.1, రెండోదానికి 192.168.0.2 అని ఐపీ ఇచ్చి, వర్క్‌గ్రూప్ పేరు ఒకటే పెట్టి, ఫోల్డర్‌ను షేర్ చేస్తే చాలు. నెట్ కనెక్షన్ అక్కర్లేదు, నెలనెలా బిల్లూ లేదు. చిన్న ఊళ్లకు అదే పెద్ద సౌలభ్యం. నెట్ వేగం ఇంకా అందని కాలంలో, ఒక గది లోపల మాత్రం మహానగరపు ఆఫీసుకు తీసిపోని వేగం ఆ కొద్ది గజాల కేబుల్‌తోనే అందుబాటులోకి వచ్చింది.

1999లో రాగి తీగల మీద గిగాబిట్‌కు ప్రమాణం ఖరారైంది. ఏ తీగ ఎటు వెళ్లాలో కార్డే తేల్చుకునే ఆటో ఎండీఐ-ఎక్స్ ఆ తరం కార్డులతో మామూలైపోయింది. జతలు తారుమారు చేసే పని తప్పింది. డైరెక్ట్ కేబుల్ కనెక్షన్‌ను విస్టాలో మైక్రోసాఫ్ట్ తీసేసింది. ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి లాన్ పోర్టే లేదు; యూఎస్‌బీ అడాప్టర్ తగిలించాలి. తగిలించి మామూలు కేబుల్‌తో కలిపితే, డిస్కులూ గిగాబిట్ వేగాన్ని అందుకోగలిగితే, అదే 13 జీబీ రెండు నిమిషాల్లో అవతలి సిస్టంలో ఉంటుంది.