అంకెలకు అందని మంచు: పశ్చిమ అంటార్కిటికా – సముద్రమట్ట అంచనాల చరిత్ర

సముద్రమట్టం ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు శాస్త్రం ఇచ్చిన సమాధానాల్లో అంకెలతోపాటు వాటి వెనుకనున్న మినహాయింపులనూ పరిశీలించవలసి ఉంటుంది. పశ్చిమ అంటార్కిటికా మంచుఫలకంపై గత అర్ధశతాబ్దంగా సాగుతున్న చర్చ ఇందుకు నిదర్శనం.

ఈ మంచుఫలకంలో అధికభాగం సముద్రమట్టానికి దిగువనున్న నేలపై ఆని ఉంది. లోపలికి పోయేకొద్దీ ఆ నేల చాలాచోట్ల మరింత పల్లమవుతుంది. మంచు నేలను విడిచి నీటిపై తేలడం మొదలయ్యే హద్దు వెనక్కి జరిగితే, అక్కడి మంచు మరింత మందంగా ఉంటుంది. మందం పెరిగితే సముద్రంలోకి ప్రవాహం పెరుగుతుంది. దానితో హద్దు ఇంకా వెనక్కి జరుగుతుంది. ఈ అస్థిరతను 1974లో వీర్ట్‌మన్ సైద్ధాంతికంగా నిరూపించారు. 1978లో జాన్ మెర్సర్ 'నేచర్' పత్రికలో, బొగ్గు, చమురుల వినియోగం అదుపు లేకుండా పెరిగితే ఈ ఫలకం కూలి సముద్రమట్టం సుమారు 5 మీటర్లు పెరగవచ్చని హెచ్చరించారు. అంటార్కిటిక్ ద్వీపకల్పం వెంట తేలే మంచుఫలకాలు విచ్ఛిన్నం కావడం ఆ ప్రమాదానికి తొలి సూచన అవుతుందని కూడా పేర్కొన్నారు.

2002లో ఆ ద్వీపకల్పంలోనే లార్సెన్-బి ఫలకం సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల మేర కొన్ని వారాల్లో ముక్కలైంది. అది అప్పటికే నీటిపై తేలుతున్నందున దానివల్ల సముద్రమట్టం దాదాపు మారలేదు. కాని ఆ అడ్డుకట్ట తొలగడంతో వెనుకనున్న హిమానీనదాల వేగం పెరిగింది.

2007నాటి ఐ.పి.సి.సి. నివేదిక శతాబ్దాంతానికి 18–59 సెంటీమీటర్ల పెరుగుదలను అంచనా వేసింది. మంచుప్రవాహంలో రాగల వేగవంతమైన మార్పులను లెక్కించడానికి తగిన ఆధారం లేదని చెప్పి, వాటిని ఆ అంకెల నుండి మినహాయించింది. ఈ మినహాయింపును వదిలి అంకెను మాత్రమే చదివితే, లెక్కకు రాని ప్రమాదం లేని ప్రమాదంగా కనిపిస్తుంది.

2016లో డికాంటో, పొలార్డ్ ఎత్తైన మంచుగోడలు తమ బరువుకు తామే కూలే ప్రక్రియను నమూనాలో చేర్చి, అధిక ఉద్గారాల స్థితిలో అంటార్కిటికా ఒక్కటే 2100 నాటికి మీటరుకు పైగా పెరుగుదలకు కారణం కాగలదన్నారు. ఆ ప్రక్రియ లేకుండానే గతకాలపు మార్పులను వివరించవచ్చని 2019లో ఎడ్వర్డ్స్ బృందం వాదించింది. ఈ వివాదం తేలకపోవడం 2021నాటి నివేదికలోనూ ప్రతిఫలించింది. అత్యధిక ఉద్గారాల స్థితిలో 0.63–1.01 మీటర్లు సంభావ్యమని చెబుతూనే, 2 మీటర్లకు చేరువయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని అది పేర్కొంది.

ఈ క్రమాన్నిబట్టి అనిశ్చితి ఇరువైపులా సమానంగా లేదని స్పష్టమవుతుంది. దిగువ హద్దు దాదాపు తెలిసినదే. తేలనిది ఎగువ హద్దు. తీరంలో నేడు కట్టే ఓడరేవులు, కరకట్టలు ఈ వివాదం ముగిసేదాకా ఆగవు. కనుక అనిశ్చితిని నిర్ణయాల వాయిదాకు కారణంగా కాక, జాగ్రత్తకు ప్రాతిపదికగా గ్రహించడమే ఈ చరిత్ర నేర్పే పాఠం.