అవాబ్ చట్టం

అవాబ్ చట్టం అనగా ఇంగ్లాండులోని సామాజిక అద్దె ఇళ్లలో చెమ్మ, బూజు వంటి ప్రమాదాలను ఇంటి యజమాని నిర్ణీత గడువులోగా సరిచేయాలని నిర్దేశించే నిబంధనల సముదాయం. బూజు పట్టిన ఇంట్లో పెరిగి 2020లో మరణించిన రెండేళ్ల బాలుడు అవాబ్ ఇషాక్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. స్థానిక మండళ్లు, గృహ సంఘాలు బయటి ధర కంటే తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లను అక్కడ సామాజిక గృహాలంటారు. తెలుగులో సాలెగూళ్లతో కలిసిన దుమ్మును కూడా బూజు అంటారు. ఇక్కడ చెప్పుకునేది తడి గోడలపై నల్లగా పెరిగే శిలీంధ్రం.

నేపథ్యం

సూడాన్ నుండి వచ్చిన అవాబ్ తల్లిదండ్రులు గ్రేటర్ మాంచెస్టర్‌లోని రోచ్‌డేల్‌లో ఒక గృహ సంఘానికి చెందిన ఒకే పడకగది గల ఫ్లాటులో నివసించేవారు. తండ్రి 2017లోనే బూజు గురించి తెలుపగా, దానిపై రంగు వేసుకోమని సలహా ఇచ్చారు. 2020 జూన్‌లో ఆయన న్యాయవాదిని ఆశ్రయించారు. అయితే వివాదం న్యాయవాదుల వద్ద ఉన్నంతకాలం ఇరుపక్షాల అంగీకారం లేనిదే మరమ్మతు చేయరాదన్నది ఆ సంఘపు విధానం. ఆ విధంగా హక్కు కోసం చేసిన ప్రయత్నమే పనికి అడ్డమైంది. జూలైలో జరిగిన తనిఖీలో వంటగదిలోను, స్నానాలగదిలోను బూజు కనిపించింది. డిసెంబరు 21న, రెండేళ్లు నిండిన కొద్ది రోజులకే, బాలుడు మరణించాడు.

ఇంట్లోని బూజుకు దీర్ఘకాలం గురికావడం వలన కలిగిన తీవ్ర శ్వాసకోశ వ్యాధే మరణానికి కారణమని కరోనర్ జోవన్ కీర్స్లీ 2022 నవంబరు 15న తేల్చారు. సంఘం మాత్రం అంతకుముందు బూజుకు కుటుంబపు జీవనశైలే కారణమని భావించింది. ఆ భావన తప్పని విచారణ తరువాత అంగీకరించింది.

బూజుకు కారణాలు

వంట, స్నానం, బట్టలు ఆరవేయడం, చివరకు శ్వాస కూడా గాలిలో ఆవిరిని పెంచుతాయి. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని నిలుపుకోగలదు. అది చల్లని గోడను తాకినప్పుడు ఆవిరి నీరై గోడను తడుపుతుంది, తడి ఆరని చోట బూజు మొలుస్తుంది. ఈ పనులు లేని ఇల్లు ఉండదు. కాబట్టి తగిన వాయుప్రసరణ లేకపోవడమే అసలు లోపం. రోచ్‌డేల్ విచారణలో తేలినది కూడా ఇదే. పైకప్పు కారడం, నేలలోని తేమ గోడకు ఎక్కడం ఇతర కారణాలు. మూలకారణాన్ని తొలగించకుండా తుడిచినా, రంగు వేసినా బూజు మళ్లీ వస్తుంది.

గడువులు

సామాజిక గృహాల నియంత్రణ చట్టం 2023 జూలై 20న రాజామోదం పొందింది. దాని కింద చేసిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుండి అమలులోకి వచ్చాయి. అత్యవసర ప్రమాదమైతే యజమాని 24 గంటలలో పరిశీలించి ఇంటిని సురక్షితం చేయాలి. గణనీయమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాలలో పరిశీలించాలి. ఆ తరువాత 3 పనిదినాలలో ఫలితాన్ని వ్రాతపూర్వకంగా తెలపాలి, 5 పనిదినాలలో ప్రమాదాన్ని తొలగించాలి. గడువులోగా కుదరకపోతే తన ఖర్చుతో ప్రత్యామ్నాయ వసతి చూపాలి. తీవ్రతను నిర్ణయించేటప్పుడు ఇంట్లో ఎవరున్నారో కూడా చూడాలి కనుక, ఒకే బూజు పసిబిడ్డ ఉన్న ఇంట్లో మరింత తీవ్రమైనదిగా పరిగణింపబడవచ్చు. సాధ్యమైనవన్నీ చేశానని యజమాని వాదించే అవకాశం మాత్రం మిగిలే ఉంది.

గడువులు యజమానికి విషయం తెలిసిన రోజును బట్టి మొదలవుతాయి. అందువలన అద్దెదారు తేదీతో వ్రాతపూర్వకంగా తెలపడం, ఫొటోలు భద్రపరచడం ముఖ్యం. అద్దె ఆపివేయడం సరికాదు, దాని వలన ఇల్లు ఖాళీ చేయవలసిన పరిస్థితి రావచ్చు. యజమాని వద్ద ఫిర్యాదు ఫలించకపోతే గృహ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రైవేటు ఇళ్లు

ఇంగ్లాండులో చదువుకునే తెలుగు విద్యార్థులు సాధారణంగా విశ్వవిద్యాలయ వసతి గృహాలలోనో ప్రైవేటు అద్దె ఇళ్లలోనో ఉంటారు. 2025లో అమలైన నిబంధనలు వీటికి వర్తించవు. ప్రైవేటు అద్దె ఇంట్లో ఉండేవారు స్థానిక మండలి పర్యావరణ ఆరోగ్య విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలని కోరే 2018 నాటి చట్టం కింద న్యాయస్థానానికి కూడా వెళ్లవచ్చు. అవాబ్ చట్టాన్ని ప్రైవేటు ఇళ్లకు విస్తరించే వీలును 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం కల్పించింది.