బాకీ, మాఫీ, మెహర్: తెలుగు ముస్లిం ఆచారాల్లో క్షమ ఎవరి చేతిలో ఉంది?

జనాజా నమాజుకు వరుసలు కట్టాక, తక్బీర్‌కు ముందు, పేషిమామో చనిపోయినవారి పెద్దకొడుకో జనం వైపు తిరిగి రెండు మాటలు చెప్పడం మన ప్రాంతపు ముస్లింలలో ఆనవాయితీ. మయ్యత్ (మృతుడు) ఎవరికైనా బాకీ ఉంటే వారసులను అడగండి, మాటతోనో చేతతోనో ఎవరినైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి. హైదరాబాద్ పాతబస్తీలో ఇది దక్కనీ ఉర్దూలో వినిపిస్తుంది, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాల్లో తెలుగులో. ప్రకటన అర నిమిషం పట్టదు. కానీ పాపక్షమ గురించి ఇస్లామీయ ధర్మశాస్త్రం చెప్పిన అతి ముఖ్యమైన సూత్రం ఆ అర నిమిషంలోనే ఉంది. మనిషికి చేసిన అన్యాయాన్ని మనిషే మాఫ్ చేయాలి. ఆ సూత్రం మన ఆచారాల్లో ఎక్కడ నిలబడింది, ఎక్కడ వంకర తిరిగింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎక్కువగా వంకర తిరిగిన చోటు మెహర్ (నికాహ్‌లో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) అని నా వాదన.

ధర్మశాస్త్రం మనిషి బాధ్యతలను రెండుగా విడదీసింది: హుఖూఖుల్లాహ్, అంటే అల్లాహ్ పట్ల నెరవేర్చాల్సినవి, హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల పట్ల నెరవేర్చాల్సినవి. నమాజు వదిలేయడం మొదటి కోవలోది, పొరుగువాడి పొలం గట్టు జరపడం రెండో కోవలోది. హిజ్రీ 676 (క్రీ.శ. 1277)లో మరణించిన ఇమామ్ నవవీ తన ‘రియాజుస్ సాలిహీన్’లో తౌబాకు (పశ్చాత్తాపానికి) షరతులు చెబుతూ ఈ తేడానే ఆధారం చేసుకున్నాడు. తప్పు అల్లాహ్‌కూ దాసుడికీ మధ్యదైతే మూడు షరతులు: తప్పు మానుకోవడం, దానికి బాధపడటం, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవడం. తప్పు మనిషి పట్ల జరిగితే నాలుగోది కలుస్తుంది. హక్కుదారుడి సొమ్ము తిరిగి ఇవ్వాలి, లేదా అతని దగ్గర మాఫీ పొందాలి.

ఈ నాలుగో షరతు ఎంత బరువైనదో హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల కథనాల్లో) తెలుస్తుంది. ఒక జనాజా ముందు ప్రవక్త ముహమ్మద్ (స) మృతుడికి అప్పు ఉందా అని అడిగారు. మూడు దీనార్లు ఉందని, తీర్చడానికి ఏమీ వదిలిపోలేదని చెప్పారు. అయితే మీ సహచరుడికి మీరే నమాజు చేయండి అని ఆయన ఆగిపోయారు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా ముందుకొచ్చాకే నమాజు చేయించారు. బుఖారీ సంకలనంలోని ఉదంతమిది. ఇమామ్ ముస్లిం సంకలనంలో ఇంకా కఠినమైన మాట ఉంది: షహీద్‌కు (ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడికి) అన్నీ మాఫ్ అవుతాయి, అప్పు తప్ప. అసలైన దివాలాకోరు ఎవరో చెప్పే హదీసూ అందులోదే. నమాజులు, రోజాలు, జకాత్ మూటకట్టుకుని తీర్పుదినానికి వచ్చినవాడు ఒకర్ని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకర్ని కొట్టి ఉంటాడు. వాళ్లందరికీ అతని పుణ్యాలు పంచాక, అవి చాలకపోతే వాళ్ల పాపాలు అతని నెత్తిన పడతాయి. దైవకారుణ్యం అపారమని అడుగడుగునా చెప్పే మతమే, ఇతరుల ఖాతాలో చెయ్యి పెట్టే దగ్గర ఇంత పట్టుదలగా ఉండటం గమనార్హం.

క్షమను మెచ్చుకునే ఉపన్యాసాలలో తరచూ వినిపించే ఉదాహరణలను జాగ్రత్తగా చదివితే ఈ పట్టుదల అక్కడా కనిపిస్తుంది. ప్రవక్త భార్య ఆయిషా (ర) మీద అపనింద వేసినవారిలో మిస్తహ్ ఒకడు. అతను ఆమె తండ్రి అబూబక్ర్ (ర)కు పేద బంధువు, ఆయన సాయం మీదే బతుకుతున్నవాడు. కూతురిపై నింద మోసినవాడికి ఇక పైసా ఇవ్వనని అబూబక్ర్ ఒట్టు పెట్టుకున్నాడు. అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా అనే అర్థంలో సూరా నూర్ 22వ ఆయత్ దిగింది; ఆయన సాయం మళ్లీ మొదలుపెట్టాడు. వక్తలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. అయితే అపనిందకు విధించిన శిక్ష మిస్తహ్‌కు అమలైందని సంప్రదాయ కథనాలు చెబుతున్నాయి. అంటే తండ్రి ఉదారత కూతురికి జరిగిన అన్యాయాన్ని రద్దు చేయలేదు. భృతి ఇవ్వడం ఆయన చేతిలోని విషయం కనుక ఆయన్ని అడిగారు. అంతవరకే.

మక్కా విజయం కూడా అలాంటిదే. హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో ఓడిన ఖురైషులు ఎదుట నిలబడితే, తనను బావిలో తోసిన అన్నలను క్షమిస్తూ యూసుఫ్ ప్రవక్త పలికిన మాటనే గుర్తుచేస్తూ ప్రవక్త వాళ్లను వదిలేశారని సీరా (ప్రవక్త జీవితచరిత్ర) గ్రంథాలు చెబుతాయి. ఉహుద్ యుద్ధంలో ఆయన పినతండ్రి హమ్జాను చంపిన వహ్షీ కూడా తరువాత ఇస్లాం స్వీకరించి వచ్చాడు. ప్రవక్త ప్రతీకారం కోరలేదు. కానీ నా కంటపడకుండా ఉండగలవా అని అడిగారు. వహ్షీ అలాగే దూరంగా ఉండిపోయాడు. నా దృష్టిలో మక్కా సన్నివేశం కన్నా ఇదే విలువైన ఆధారం. శిక్ష వదులుకోవడం ఒకటి, గాయం లేనట్టు ఆలింగనం చేసుకోవడం మరొకటి. మొదటిది చేసినవారు రెండోది చేయకపోయినా లోటు లేదు. కుటుంబ పంచాయతీల్లో పెద్దలు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు.

పండితులను ఇబ్బంది పెట్టిన ఒక చిక్కు కూడా ఉంది. వెనకాల చాడీ చెప్పినవాడు మాఫీ అడగాలంటే ఏం చెప్పాడో చెప్పాలి. చెబితే తెలియని బాధ కొత్తగా తెలుస్తుంది. గజాలీ (మ. 1111) ‘ఇహ్యా’లో దీన్ని చర్చించాడు. దువాతో సరిపుచ్చవచ్చన్న వాదన ఒకటి, హక్కుదారు నోటి నుంచే మాఫీ రావాలన్న వాదన మరొకటి. హజ్‌కు బయలుదేరేవారు ఇంటింటికీ వెళ్లి ‘కహా సునా మాఫ్ కరో’ అనడం ఈ చిక్కుకు జనం కనిపెట్టిన పరిష్కారం: తప్పు పేరెత్తకుండా మొత్తంగా మాఫీ అడగడం. ఇది చాలా మానవీయమైన ఏర్పాటు. అయితే డబ్బు బాకీకి ఈ మాట చెల్లదు. దానికి లెక్క చెప్పాల్సిందే.

పండగల క్యాలెండర్ ఈ సూత్రాన్ని ఏడాది పొడవునా గుర్తు చేస్తూ ఉంటుంది. షాబాన్ 15వ రాత్రి షబ్-ఎ-బరాత్. ఖబరస్తాన్లలో దీపాలు, ఫాతిహాలు, ఇళ్లలో హల్వా, మసీదుల్లో రాత్రంతా జాగారం. ఆ రాత్రి అల్లాహ్ అందరినీ క్షమిస్తాడని, బహుదైవారాధకుడినీ మనసులో పగ పెట్టుకున్నవాడినీ మినహాయిస్తాడని చెప్పే హదీసు ఇబ్నె మాజా సంకలనంలో ఉంది. దాని ప్రామాణికత మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది. బరేల్వీలు రాత్రిని ఘనంగా జరుపుకుంటారు, దేవ్‌బందీలు ఎవరికి వారు ఇబాదత్ చేసుకుంటే చాలంటారు, అహ్లె హదీస్ వారు ప్రత్యేక ఆచారాలను బిద్అత్ (మతంలో కొత్తగా చేర్చినది) అని తోసిపుచ్చుతారు. రంజాన్‌లో మధ్య పదిరోజులను మగ్ఫిరత్ (క్షమ) దినాలుగా చెప్పే ప్రసిద్ధ కథనపు సనద్ (కథకుల పరంపర) కూడా బలహీనమేనని హదీసు విమర్శకులు అంటారు. ఈ వాదనల్లో కొట్టుకుపోయేవారు వివాదం లేని హదీసును మరిచిపోతారు. ప్రతి సోమ, గురువారాలు స్వర్గద్వారాలు తెరుచుకుంటాయి. అందరికీ క్షమ దొరుకుతుంది. పగపట్టిన ఇద్దరి విషయం మాత్రం వాళ్లు రాజీపడేదాకా ఆపి ఉంచుతారు. ఇది ఇమామ్ ముస్లిం సంకలనంలో ఉంది. ఏడాదికొక రాత్రి మీద తగవు పడుతున్నవాళ్లకు వారానికి రెండు రోజులు ఉన్నాయన్నమాట.

షియాల ముహర్రం మజ్లిసుల్లో క్షమకు మరో ముఖం కనిపిస్తుంది. హైదరాబాద్ దారుల్‌షిఫా ప్రాంతపు ఆషూర్‌ఖానాల్లో హుర్ కథ చెప్పినప్పుడు జనం వెక్కి వెక్కి ఏడుస్తారు. ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్ దారిని అడ్డగించి కర్బలాకు మళ్లించిన సేనాని హుర్. హిజ్రీ 61 ముహర్రం 10 (క్రీ.శ. 680 అక్టోబరు) ఉదయం అతను యజీద్ సైన్యాన్ని వదిలి హుసేన్ దగ్గరికి వచ్చి, నా తౌబా చెల్లుతుందా అని అడిగాడు. హుసేన్ స్వీకరించాడు. ఆ రోజే హుర్ ఆయన పక్షాన పోరాడి ప్రాణమిచ్చాడు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్లను ఎత్తుకునే హిందూ కుటుంబాలకు ఈ కథ వివరాలు అందరికీ తెలియకపోవచ్చు. హుసేన్, ఆయన అన్న హసన్‌ల పేర్లు, వాళ్లకు జరిగిన అన్యాయం మాత్రం వాళ్ల పాటల్లోనూ నిలిచాయి. హుర్ విషయంలో మన చర్చకు పనికొచ్చేది ఒకటుంది. అతను మాఫీ అడిగింది తాను అడ్డగించిన మనిషినే, ఆ మనిషి బతికి ఉండగానే.

ఈద్‌గాహ్‌లో ఆలింగనాలు, మసీదు జమాత్ పెద్దల రాజీలు కూడా ఈ పరంపరలోవే. అన్నదమ్ముల గొడవలు, అద్దె తగాదాలు, కాపురాల పేచీలు పోలీస్ స్టేషన్ దాకా పోకుండా జమాత్‌లో తేలిపోవడం చాలా ఊళ్లలో జరిగేదే. మూడు రోజులకు మించి సోదరుడితో మాట మానకూడదనే హదీసు అక్కడ ముందుగా వస్తుంది. సలాంతో మొదలుపెట్టినవాడే మేలైనవాడన్న దాని రెండో సగమూ వస్తుంది. ఇక్కడిదాకా బాగుంది. కానీ రాజీలో ఎవరిని తగ్గమంటున్నారన్నదే అసలు పరీక్ష. సూరా హుజురాత్ 9వ ఆయత్ రాజీ చేయించమని చెప్పి ఊరుకోలేదు, న్యాయంతో చేయించమంది. ఆచరణలో తగ్గమనేది ఎక్కువగా తమ్ముణ్ని, కోడల్ని, అద్దెకున్నవాణ్ని. వాళ్లిచ్చే మాఫీకి అరబ్బీ పేరు పెట్టినంత మాత్రాన అది ధర్మశాస్త్రం చెప్పిన మాఫీ కాదు.

ఈ వైఖరి ఎంత దూరం పోతుందో మెహర్ దగ్గర తెలుస్తుంది. మెహర్ భార్య సొత్తు, భర్త మీద అప్పు. నికాహ్ నాడే చెల్లించేది కొంత, తరువాతకు వాయిదా వేసేది కొంత ఉండవచ్చు. మన దగ్గర వాయిదా వేయడమే ఎక్కువ. ఎప్పటికి? విడాకులైనా కావాలి, చావైనా రావాలి. భర్త చనిపోయిన ఇంట్లో మయ్యత్ ఇంకా లేవకముందే ఎవరో ఒక పెద్దావిడ వచ్చి ఏడుస్తున్న భార్య చెవిలో మెహర్ మాఫ్ చేశానని అనమ్మా అంటుంది. నలుగురూ చూస్తుంటారు. ఆమె అంటుంది. అనక ఏం చేస్తుంది? జనాజా దగ్గర బాకీ రావాల్సినవాళ్లు వారసులను అడగండి అని ప్రకటించేవారికి, మొదటి హక్కుదారు లోపల ఇద్దత్‌లో (వితంతువు గడపాల్సిన నిర్ణీత కాలంలో) కూర్చుందన్న సంగతి గుర్తుకు రాదు. హైదరాబాద్‌లో ‘జోడే కీ రకమ్’ పేరుతో వరుడి వైపు తీసుకునే సొమ్మును ఎవరూ మాఫ్ చేయమనరు, అది ముందే వసూలవుతుంది. మాఫీ పరీక్ష ఎప్పుడూ మెహర్‌కే.

మూలగ్రంథం ఈ ఆచారాన్ని సమర్థించదు. సూరా నిసా 4వ ఆయత్ మెహర్‌లో కొంతైనా భర్త అనుభవించాలంటే భార్య మనసారా ఇష్టపడి వదులుకోవాలంది. అదే సూరాలోని 12వ ఆయత్ ఆస్తి పంపకాన్ని వీలునామా, అప్పులు తీర్చాకే మొదలుపెట్టమంది. హనఫీ ఫిఖహ్ బలవంతపు మాఫీని చెల్లనీయదు. చివరి జబ్బులో ఉన్న భార్య తానుగా మెహర్ వదులుకున్నా, భర్త ఆమెకు వారసుడు కనుక, మిగతా వారసులు ఒప్పుకుంటేనే అది చెల్లుతుందంటుంది. మరణశయ్య మీదున్న మనిషి మాటనే ఇంత అనుమానించి చూసే శాస్త్రం, శవం పక్కన కూర్చున్న మనిషి మాటను ఎలా ఒప్పుకుంటుంది?

బ్రిటిష్ ఇండియా కోర్టులకు ఈ ప్రశ్న వచ్చింది. 1920లో కలకత్తా హైకోర్టు నూరున్నిసా వర్సెస్ ఖాజా మహమ్మద్ కేసులో, భర్త మరణంతో కుమిలిపోతున్న స్థితిలో భార్య ఇచ్చిన మెహర్ మాఫీ స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదని, ఆమెను కట్టిపడేయదని తేల్చింది. 1925లో మైనా బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్, భర్త ఆస్తిని న్యాయంగా స్వాధీనంలో ఉంచుకున్న వితంతువు మెహర్ తీరేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చని, అయితే అమ్మే హక్కు ఆమెకు రాదని చెప్పింది. 1937 షరియత్ చట్టం ముస్లిం పర్సనల్ లా వర్తించే విషయాల్లో మెహర్‌ను పేరుపెట్టి చేర్చింది. మాఫీ చెల్లాలంటే మనస్ఫూర్తిగా ఇచ్చి ఉండాలని ఖురాన్ అన్నదాన్ని కోర్టు తన భాషలో చెప్పిందంతే. ఇక్కడ మతానికీ చట్టానికీ ఘర్షణ లేదు. ఘర్షణ ఆ రెండింటికీ ఆచారానికీ మధ్యే.

భార్య మెహర్ వదులుకోకూడదని ఎవరూ అనరు. నలభై ఏళ్ల కాపురం తరువాత ఒక ఇల్లాలు తానుగా వదులుకుంటే అది ఆమె ఘనతే. కానీ అది ఆమె ఇద్దత్ గడిచాక, ఎంత బాకీయో తెలిసి, వద్దనే అవకాశం ఉండి చెప్పే మాట కావాలి. పేషిమాములు, ఖాజీలు, జమాత్ కమిటీలు చేయాల్సిన పని చిన్నదే. మయ్యత్ ఇంట్లో ఆ మాట అడిగించడం ఆపించాలి. నికాహ్‌నామా చూసి మెహర్ మొత్తాన్ని మృతుడి అప్పుల్లో ముందు రాయించాలి. ఆలస్యానికి గడువు కూడా ఉంది. భర్త మరణంతో వివాహం ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోపే వాయిదా మెహర్ కోసం భార్య దావా వేయాలి. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ ఆ మూడేళ్లలో కలిసే ఉంటాయి.