చాకిరేవు నుంచి రాజసభ దాకా: హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్



లేని గొప్పను ఉన్నట్టు చెప్పి అందరిచేతా తల ఊపించే వ్యవహారం ఎక్కడైనా కనబడితే, 'ఇవి దేవతావస్త్రాలులే' అని మనం నవ్వుకుంటాం. ఒంటిమీద నూలుపోగు లేకుండా ఊరేగిన రాజు కథ మన ఇళ్లలో అంతగా కలిసిపోయింది. అది ఏ కాశీమజిలీ కథో, ఏ అమ్మమ్మ అల్లిన కథో అనుకునేవారూ ఉన్నారు. కాని ఆ కథను మనం ఎరిగిన రూపంలో చెప్పినవాడు డెన్మార్కు దేశస్థుడు. పేరు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. ఈ పూట ఆయన గురించి కొన్ని మాటలు చెప్పుకుందాం.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న ఓడెన్స్ పట్టణంలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఒక్క గదిలోనే కాపురం, పని రెండూ. అయినా ఆ తండ్రికి పుస్తకాలంటే ప్రాణం. రాత్రిళ్లు కొడుక్కి అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు. ఆడుకోవడానికి బొమ్మలాట కొయ్యరంగం చేసి ఇచ్చాడు. తల్లి చదువురాని మనిషి. ఇరుగుపొరుగు బట్టలు ఉతికి నాలుగు డబ్బులు తెచ్చేది. నాయనమ్మ వెంట వెళ్లినప్పుడు, అనాథ వృద్ధురాళ్లు రాట్నాలు వడుకుతూ చెప్పుకునే పాతకథలు ఆ పిల్లవాడు నోరు తెరుచుకుని వినేవాడు. ఆయనకు మొదటి బడి అదే అనాలి.

1816లో తండ్రి పోయాడు. మూడేళ్ల తర్వాత, 14 ఏళ్ల వయసులో, చిన్న మూట చంకన పెట్టుకుని ఒంటరిగా రాజధాని కోపెన్‌హాగెన్‌కు బయలుదేరాడు. నాటకశాలలో పేరు తెచ్చుకోవాలని కోరిక. పాట పాడబోతే గొంతు మారిపోయింది. నాట్యానికి ఆ పొడుగు కాళ్లు పనికిరాలేదు. నాటకాలు రాస్తే తప్పులతడక అన్నారు. అయితే నాటకశాల పెద్దల్లో ఒకరైన యోనాస్ కోలిన్ ఆ కుర్రవాడిలో ఏదో ఉందని గుర్తించి, రాజుగారి నిధి నుంచి చదువుకు డబ్బు ఇప్పించాడు. 17 ఏళ్లవాడు పదకొండు పన్నెండేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. కవిత్వం రాయరాదని ప్రధానోపాధ్యాయుడి ఆంక్ష, పైగా ఎగతాళి. ఆ బడి ఆయనకు ముసలితనంలో కూడా పీడకలై వచ్చేది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే డేనిష్ భాషలోనూ రెండు మాటలున్నాయి. కోలిన్ గారి కొడుకు ఎడ్వర్డ్ ఆండర్సన్‌కు ప్రాణస్నేహితుడు. 1831లో ఆండర్సన్ అతనికి ఉత్తరం రాసి, 'ఇకనుంచి మనం నువ్వు అని పిలుచుకుందాం' అని అడిగాడు. ఎడ్వర్డ్ మర్యాదగానే కాదన్నాడు. ఆ 'మీరు'లో ఉన్నది గౌరవం కాదు, దూరం. ఆదరించిన ఇంట్లోనే తనకొక గీత గీసి ఉందని ఆండర్సన్‌కు అర్థమైంది. పదహారేళ్ల తరువాత 'నీడ' అనే కథలో ఒక నీడ తన యజమానికే ఎదురు తిరిగి, 'నన్ను నువ్వు అనవద్దు' అంటుంది. ఆ ముల్లు అన్నేళ్లూ గుండెలోనే ఉందన్నమాట.

1835 మే నెలలో ఆయన పిల్లల కథల మొదటి చిన్న పుస్తకం వెలువడింది. అందులో నాలుగే కథలు. కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ఎందుకంటే ఆయన పుస్తకాల భాషలో రాయలేదు. ఎదుట పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టుగా, నోటిమాటల్లోనే రాశాడు. ఇలాంటి వాటిమీద కాలం వృథా చేసుకోవద్దని ఒక పత్రిక హితవు కూడా చెప్పింది. మాట్లాడే భాష రాతకు తగదనే వాదం మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం ఎంత పోరాడారో మన సరిహద్దు జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో ఆండర్సన్‌ను వెన్నుతట్టినవారిలో శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ ఒకరు. విద్యుత్తుకూ అయస్కాంతానికీ గల సంబంధాన్ని 1820లో లోకానికి చూపిన మనిషి ఆయన. నీ నవల నీకు పేరు తెస్తే, ఈ కథలు నిన్ను చిరంజీవిని చేస్తాయని ఎర్‌స్టెడ్ అన్నట్టు ఆండర్సన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. చివరకు జరిగింది అదే.

1837లో 'చిన్నారి జలకన్య'తోపాటు మన దేవతావస్త్రాల కథ వచ్చింది. ఆ కథ మూలం పద్నాలుగో శతాబ్దపు స్పెయిన్‌లో ఉంది. ఆ పాత కథలో, తన తండ్రికి పుట్టినవాడికే ఆ బట్ట కనబడుతుందని మోసగాళ్లు చెబుతారు. ఆండర్సన్ దాన్ని మార్చి, తెలివితక్కువవారికీ, చేస్తున్న ఉద్యోగానికి తగనివారికీ కనబడదన్నాడు. మొదట రాసిన ప్రతిలో అందరూ రాజును మెచ్చుకోవడంతోనే కథ ముగిసింది. అచ్చుకు వెళ్లాక, ప్రూఫులు దిద్దే వేళ, నిజం పలికే పసివాణ్ణి తెచ్చి వీధిలో నిలబెట్టాడు. ఆ ఒక్క మార్పుతో కథకు ప్రాణం వచ్చింది.

ఆయన కథలన్నీ సుఖాంతాలు కావు. చలిరాత్రి అగ్గిపుల్లలు వెలిగించుకుంటూ కన్నుమూసిన పిల్ల కథ 1845 నాటిది. ఆయన తల్లిని చిన్నప్పుడు బిచ్చానికి పంపితే, ఎవరినీ అడగలేక వంతెన కింద కూర్చుని ఏడ్చిందట. ఆ మాట ఆయనే తన ఆత్మకథలో రాశాడు. గడ్డకట్టే ఏటినీళ్లలో నిలబడి బట్టలు ఉతికే ఆ తల్లి, వెచ్చదనం కోసం కాస్త సారా పుచ్చుకునేది. ఊరు ఆమెను పనికిమాలినదంది. 1833లో ఆమె పేదల ఆశ్రయంలో చనిపోయినప్పుడు కొడుకు ఇటలీలో ఉన్నాడు. ఇరవై ఏళ్ల తరువాత ఒక చాకలి తల్లి కథ రాసి, ఆమె పనికిమాలినది కాదని ఊరికి జవాబు చెప్పాడు. తల్లి రుణం ఆయన తీర్చుకున్న తీరు అది.

1867 డిసెంబరు 6న ఓడెన్స్ పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఊరంతా దీపాలు వెలిగించి, కాగడాలతో ఊరేగింపు చేశారు. ఈ పిల్లవాడి కోసం ఒకనాడు ఊరు దీపాలు పెడుతుందని ఒక సోదెమ్మ తల్లితో చెప్పిందట. ఆ రాత్రి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఆ వెలుగు చూశాడు. అయితే అప్పుడే పంటినొప్పి భరించలేకుండా ఉందని కూడా దాచకుండా రాసుకున్నాడు! 1875 ఆగస్టు 4న, 70వ ఏట, కన్నుమూశాడు.

ఆండర్సన్ బతికుండగానే, 1864 యుద్ధంలో ఓడి డెన్మార్కు దక్షిణాన చాలా నేల పోగొట్టుకుంది. ఎన్నో డేనిష్ కుటుంబాలు కొత్త ఎల్లకు అవతల ఉండిపోయాయి. రాజ్యం చిన్నదైంది. కాని ఆ చిన్న భాషలో పుట్టిన కథలు వందకు పైగా భాషల్లోకి నడిచివెళ్లాయి. ఆయన పేరిట బాలసాహిత్య రచయితలకు 1956 నుంచి అంతర్జాతీయ పురస్కారం ఇస్తున్నారు. ఆయన పుట్టినరోజును 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుకుంటున్నారు.

ఎల్లకు అవతల తెలుగు మాట్లాడే మన ఇళ్లలో, పిల్లలు బడిలో వేరే భాష చదువుతారు. వారికి తెలుగు చెవిన పడేది ముందు కథల్లోనే. చదువు రాని ఆ రాట్నాల ముసలమ్మలు తమ నోటిమాటే ఒక పసివాడికి ఆస్తిగా ఇచ్చారు. మనమూ ఈ రాత్రి మన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మన యాసలోనే, ఒక కథ చెబుదాం.