ఒకే అచ్చు బాకాలు - వేర్వేరు గొంతులు

పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళమువారు ఊదెడి ట్రంపెట్టును పాఠకులందరు ఎరుగుదురు. ఒకే కర్మాగారములో, ఒకే నమూనాపై తయారైన రెండు ట్రంపెట్టులను వాదకునకు ఇచ్చినచో, ఒకటి తేలికగా పలుకుచున్నదనియు, రెండవది బిగువుగా నున్నదనియు ఆతడు చెప్పుట కలదు. ఇది భ్రమయా? లోహపు గుణమా? లేక కంటికి కానరాని ఆకారభేదమా? ఈ ప్రశ్నకు సమాధానము తేలుటకు చాల కాలము పట్టినది.

ట్రంపెట్టు మిక్కిలి ప్రాచీనమైన వాద్యము. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొనిన ఈజిప్టు రాజు టుటంఖామన్ సమాధిలో రెండు బాకాలు లభించెను. వానిలో ఒకటి వెండిది. రెండవది రాగి మిశ్రమముతో చేసినది. 17, 18 శతాబ్దులలో జర్మనీలోని న్యూరెంబర్గు నగరము ఈ పనికి పేరొందెను. అక్కడి పనివారు ఇత్తడి రేకును సుత్తితో సాగగొట్టి, గొట్టముగా చుట్టి, అంచులను అతికెడివారు. చేతిపని గనుక ఏ రెండు వాద్యములును సరిగా ఒకేరీతి నుండకపోవుట వింత కాదు. 1818లో ష్టోల్జెల్, బ్లూమెల్ అను ఇరువురు కవాటములకు పేటెంటు పొందిరి. క్రమముగా యంత్రములు వచ్చెను. అయినను భేదములు పోలేదు.

మొదట అనుమానము లోహముపై బడెను. 1909లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరపు కేస్ విద్యాసంస్థ ఆచార్యుడు డేటన్ మిల్లర్, పలుచని జింకు రేకుతో రెండు గోడలుగల ఆర్గను గొట్టమును చేయించెను. గోడల నడుమ నీరు పోయగా స్వరము మారెను! గోడయే గొంతునకు మూలమని పలువురు తలచుటకు ఇది బలమిచ్చినది. కాని బల్లపరుపు రేకు సులభముగా కంపించును. గుండ్రని ఇత్తడి గొట్టము అట్లు కంపించదు. ఇంగ్లండులో రిచర్డ్ స్మిత్ 1980-90 మధ్య వేర్వేరు మందములుగల బెల్లులను, అనగా గరాటువంటి చివరి భాగములను, ట్రాంబోనునకు అమర్చి, బరువులో తేడా తెలియకుండ సరిచేసి, వాదకులకు కనబడకుండ వాయింపజేసెను. వారు ఏది ఏదో పోల్చలేకపోయిరి.

మరి భేదమెక్కడిది? లార్డ్ రేలీ 1877-78లో వెలువరించిన ధ్వనిశాస్త్ర గ్రంథములోనే దీనికి తాళపుచెవి యున్నది. ఊదునప్పుడు గొట్టములో కొన్ని తావులయందు గాలి ఒత్తిడి అధికముగా మారుచుండును. మరికొన్ని తావులయందు గాలి అధికముగా కదలుచుండును. మొదటి తావున గొట్టము ఏమాత్రము వెడల్పయినను స్వరము దిగును. రెండవ తావున వెడల్పయినచో స్వరము హెచ్చును. ఈ తావులు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్కరీతిగా నుండును. కావున ఒకేచోట నున్న లోపము ఒక స్వరమును దింపి, మరియొకదానిని ఎక్కించును. మిల్లర్ పనిచేసిన సంస్థలోనే తరువాత ఆర్థర్ బెనేడ్ (1925-1987) ఈ సూత్రమును ఇత్తడి వాద్యములకు అన్వయించెను. గొట్టపు అనునాదములు పరస్పరము పొంది కుదిరినప్పుడే పెదవుల కంపనమునకు సాయపడును. పొంది చెడినచో వాద్యము మొరాయించును.

ట్రంపెట్టు గొట్టము పొడవు సుమారు 1.4 మీటర్లు, లోపలి వ్యాసము సుమారు 11.7 మిల్లీమీటర్లు. ఇంత సన్నని దారిలో, అతుకు వద్ద లోనికి కారిన టంకము, వంపులో నొక్కుకొనిన గొట్టము, ఊదుడు భాగము దూరుచోట మిగిలిన సందు, మెత్తలు అరిగి కవాటపు రంధ్రము పక్కకు తొలగుట, ఊపిరివలన పేరుకొనిన మురికి - ఇవి యన్నియు స్వరమును మార్చగలవు. కొనునాడు కవలలుగా నున్న రెండు వాద్యములు పదేండ్లకు వేరగుటకును ఇవియే కారణములు. కావున, వాద్యము పలుకనప్పుడు వాదకుని ఊపిరిని నిందించుటకు ముందు గొట్టమును కడిగి, కవాటపు మెత్తలు మార్చి చూచుట మేలు. క్రొత్తది కొనుటకంటె దీనికి ఖర్చు బహు స్వల్పము.

మిల్లర్ శ్రమయు వ్యర్థము కాలేదు. అమెరికాలో థామస్ మూర్, వియన్నాలో విల్‌ఫ్రీడ్ కౌజెల్ ప్రభృతులు 2000 తరువాత జరిపిన పరిశోధనలవలన, బెల్లు కంపనము కూడ స్వరమును కొలదిగా మార్చునని తేలినది. వాదకుని చెవి పసిగట్టిన భేదము నిజమే. దాని కారణమును చెప్పుటకు మాత్రము చెవి చాలదు. కొలబద్దయు, కనులు మూసి చేసిన పరీక్షయు కావలసివచ్చెను.