పాతనాణెముల విక్రయము

క్రీ. శ. 1786 ప్రాంతమున నెల్లూరునకు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుకకట్టడమునకు తగిలి ఆగిపోయినది. మన్ను తీసి చూడగా శిథిలమైన చిన్న దేవాలయమొకటి బయలుపడినది. దాని క్రింద ఒక చిన్నకుండ దొరకినది. కుండలో నున్నవి మన వరహాలు కావు, మాడలు కావు. రోమక చక్రవర్తుల నాణెములు. రైతు వానిని పాతబంగారము క్రింద అమ్మివేసెను. వానిలో చాలభాగము మూసలో కరగిపోయియుండును. సంగతి తెలిసి ఆర్కాటు నవాబుగారి కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికిపైగా నాణెములను మాత్రము మరల రాబట్టగలిగెను. అప్పుడు చెన్నపట్టణమున గవర్నరుగా నున్న అలెగ్జాండరు డేవిడ్‌సన్ వానిలో రెంటిని ఎన్నుకొని తీసికొని, ఈ వృత్తాంతమును ఒక లేఖలో వ్రాసియుంచెను. ఆ లేఖయే లేకున్నచో మనకీ కథ తెలిసియుండదు.

గ్రామపెద్దలారా! నేడు నేను మీతో ముచ్చటింపదలచినది ఆ రైతు చేసిన బేరమును గూర్చియే. అతనిని నిందించుట నా యుద్దేశము కాదు. పన్ను కట్టవలసినవాడు, పిల్లకు పెండ్లి చేయవలసినవాడు కుండెడు బంగారము దొరకినప్పుడు చరిత్రమును తలచుకొని కూర్చుండునా? అతడు చేసినపనిని నేనును చేసితిని. ఆ మాట తరువాత మనవిచేసికొందును.

మిగిలిన ఆ ముప్పది నాణెములు ఏమి చెప్పినవో ముందు చూతము. వానిలో ట్రాజను, హాడ్రియను అను చక్రవర్తుల నాణెములును, ఫాస్టీనా అను రాణి నాణెములును ఉండెను. ఇవి క్రీస్తుశకము రెండవ శతాబ్దికి చెందినవి. అనగా మన శాతవాహనుల కాలము. కొన్ని నిన్న టంకసాలనుండి వచ్చినట్లు నిగనిగలాడుచుండెనట. మఱికొన్ని అరిగిపోయి, చిల్లులు పడియుండెనట. వానిని ఒకప్పుడు మెడలోనో దండచేతనో ధరించియుందురు. భారతదేశము ఏటేట అయిదుకోట్ల సెస్టర్సుల ధనమును తమ సామ్రాజ్యమునుండి లాగుకొనుచున్నదని రోమకపండితుడగు ప్లీనీ మొదటి శతాబ్దిలో మొఱపెట్టుకొనెను. ఆ మొఱకు నెల్లూరిపొలమే సాక్ష్యము పలికినది.

అయితే ఆ సాక్ష్యము సగమే. కుండలో మొత్తమెన్ని నాణెములుండెనో తెలియదు. వానిలో కడపటి చక్రవర్తి యెవ్వరో తెలియదు. కడపటి నాణెము తెలిసిననేకదా కుండను పాతిపెట్టిన కాలము తెలియుట! పొలము ఏ యూరిదో అదియును లేఖలో లేదు. బంగారము కరగిన నష్టము కొంత. ఊరిపేరు కరగిన నష్టము అంతకంటె ఎక్కువ.

కుండ చెదరక నిలిచినచో ఏమగునో చెప్పుటకు వేఱొక ఉదాహరణము కలదు. 1906లో నాసికజిల్లాలోని జోగల్‌తెంబి గ్రామమున పదమూడువేలకు పైగా వెండినాణెములు ఒక్కచోట దొరకినవి. అవి అన్నియు క్షహరాత రాజగు నహపానునివి. అందు తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. శాతకర్ణి క్షహరాతవంశమును నిర్మూలించెనని నాసిక శాసనము చెప్పుచున్నది. ఓడినవాని ధనముపై గెలిచినవాని ముద్ర పడిన ఈ రాశి ఆ మాటకు రుజువయినది. ఈ నాణెములు పదులుగా, నూర్లుగా పలు అంగళ్లకు పోయియుండినచో, ఒక్కొక్కటి వింతవస్తువుగా మిగిలెడిదేకాని, అన్నియు గూడి యుద్ధకథ చెప్పియుండెడివి కావు.

మన గోదావరితీరమున కోటిలింగాల కథయు వినదగినది. పూర్వపు కరీంనగరుజిల్లాలోని ఆ గ్రామపు దిబ్బలమీద దొరకిన నాణెములను ఊరివారు ఏరి భద్రపఱచిరి. 1970వ దశాబ్దపు చివర పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని పరిశీలించి, కొన్నిటిపై చిముక శాతవాహనుని పేరు చదివిరి. పురాణములలోను, నానాఘాటు గుహలోను మాత్రమే పేరు వినబడిన ఆ తొలి శాతవాహనరాజు నాణెములు అంతకుముందు ఎవ్వరికిని తెలియవు. అవి ఫలానా యూర దొరకినవని తెలియుటచేతనే, శాతవాహనుల తొలిచరిత్రలో తెలంగాణమునకు గల స్థానమును పండితులు మరల విచారింపవలసివచ్చెను. ఊరు తెలియని నాణెము ఆ పని చేయలేదు.

ఇక నా సంగతి. మా యూరికి తూర్పున ఒక పాటిదిబ్బ కలదు. వేసవిలో పాటిమన్ను బండ్లకెత్తి పొలములకు తోలుకొనుట మీ యూళ్లలోను వాడుకయే. ఆ మంటిలో కనబడిన సీసపుబిళ్లలను మా తండ్రిగారు ఏరి ఒక కొబ్బరిచిప్పలో వేసియుంచెడివారు. కొన్నిటిపై ఏనుగు, కొన్నిటిపై నాలుగు వలయములు కలిసిన గుర్తు, అంచున ఏవో అక్షరములు. ఆయన గతించినయేట ఇంటికి రొక్కము కావలసివచ్చి, ఆ చిప్పను పట్టణమునకు తీసికొనిపోయి ఒక నాణెములవర్తకునికి అమ్మితిని. అతడు భూతద్దముతో నాలుగింటిని చూచి, మిగిలినవానిని లెక్కించి, “ఇంకను కలవా?” యని మాత్రము అడిగెను. ఎక్కడివని అడుగలేదు, నేనును చెప్పలేదు. సీసమునకు అంత సొమ్ము వచ్చినదని సంతోషించుచు ఇల్లు చేరితిని.

ఒకబిళ్ల మాత్రము చిప్ప అడుగున అంటుకొని మిగిలినది. కొన్నియేండ్లకు దానిని ఒక పండితునికి చూపగా ఆయన చాలసేపు చూచి ఇట్లనెను: “అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుచే ఒక్కొక్క నాణెముమీద పేరులో కొంతభాగమే పడును. ఇట్టివి మఱి నాలుగు ప్రక్కప్రక్కన పెట్టిననేకాని ఈ పేరు పూర్తికాదు. తక్కినవి ఎక్కడ నున్నవి?” నేను వర్తకునియొద్దకు పరుగెత్తితిని. అవి వేఱుచోట్ల కొన్నవానితో కలిసి, ఎవరెవరికో అమ్ముడుపోయినవట. ఆ రాజెవ్వరో నాకు నేటికిని తెలియదు.

వర్తకులందఱు వంచకులని నేననను. సేకరించువారికి సరకు చేర్చుట వారి వృత్తి. కాని బేరములో వారికి తెలిసినది మనకు తెలియదు. పాతనాణెము వెల తూకమునుబట్టి కాక, రాజును, అరుదుతనమును, అక్షరముల స్పష్టతనుబట్టి యుండును. విజయనగరపు వరహా మూడున్నర గ్రాములైనను తూగదు. దానిని కంసాలి త్రాసులో వేసిన బంగారపు వెలయే వచ్చును. చింతపండుతో తోమి మెఱపింపబోయి మనమే దాని వెలను తగ్గించుకొందుము. ఇక హనుమంతుని బొమ్మతో, 1818 అను సంవత్సరముతో, కంపెనీపేరుతో తిరుగు రాగిబిళ్లలు బియ్యమును ఆకర్షించునని, లక్షలు పలుకునని చెప్పువారిని నమ్మకుడు. అట్టి నాణెములను కంపెనీ ముద్రింపలేదు.

చట్టమును గూర్చి రెండుమాటలు. 1878 నాటి నిధిచట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరకిన పదిరూపాయలకు మించిన వెలగల వస్తువునుగూర్చి కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. హక్కుదారులు లేరని తేలినచో సామాన్యముగా దొరకినవానికి మూడుపాళ్లు, భూస్వామికి ఒకపాలు. ప్రభుత్వమే తీసికొన్నచో లోహపువెలపై ఐదవవంతు అధికముగా నిచ్చును. దాచినవాడు తన పాలు కోల్పోవుటయేకాక శిక్షకును పాత్రుడగును. నూఱేండ్లు దాటిన నాణెములతో వ్యాపారము చేయువారికి అనుమతిపత్రముండవలెననియు, అట్టి నాణెములను కేంద్రప్రభుత్వముగాని అది అధికారమిచ్చిన సంస్థగాని తప్ప ఇతరులు దేశము దాటింపరాదనియు 1972 నాటి చట్టము శాసించుచున్నది; ఇది 1976లో అమలునకు వచ్చినది. తాతలనాటి పెట్టెలోని వెండిరూపాయలు భూమిలో దొరకిన నిధి కావు. వానిని అనుమతిగల వర్తకునికి అమ్ముకొనుటలో తప్పులేదు.

ఐదవవంతు స్వల్పమనియు, కచేరీచుట్టు తిరుగుట కష్టమనియు మీరందురు. నిజమే, ఆ భయమే నిధులను రాత్రివేళ అంగళ్లకు తోలుచున్నది. అందుచేతనే పెద్దలగు మిమ్ము వేడుచున్నాను. ఊర ఎవ్వనికైన కుండ దొరకినచో మీకు తెలియకపోదు. వానిని భయపెట్టక, వానివెంట కచేరీకి నడువుడు. నాణెములను పంచనీయకుడు, తోమనీయకుడు. ఊరు, పొలము, తేది, లెక్క ఒక కాగితముమీద వ్రాయించి వాని చేతికిండు.

నాయొద్ద మిగిలిన బిళ్లను నేడు ఒక కాగితములో చుట్టియుంచితిని. కాగితముమీద మా యూరిపేరు వ్రాసితిని. చిప్పెడు నాణెములున్ననాడు వ్రాయవలసినది, ఒక్కటి మిగిలిననాడు వ్రాసితిని.